పాఠం 17. తగలని పక్షికి తగిలే దెబ్బ: సీసపు గుండ్లు, విషరహిత తూటాలు

17.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- పక్షుల వేటకు వాడే తూటాలో ఏమేమి ఉంటాయో చెప్పగలుగుతారు.
- నేల మీద, నీటి అడుగున పడిన సీసపు గుండు పక్షికి ఎలా విషమవుతుందో వివరించగలుగుతారు.
- సీసానికి బదులు వాడే లోహాల మంచిచెడ్డలను పోల్చగలుగుతారు.
- పక్షుల వేట విషయంలో మన దేశ చట్టం ఏమంటుందో తెలుసుకుంటారు.

17.2 పరిచయం

ఢిల్లీలోని మునిర్కాలో మేడ మీద గది అద్దెకు తీసుకున్నవారికి పావురాలతో పరిచయం తప్పదు. తెల్లవారేసరికి అవి డాబా మీద వాలతాయి. మనం చల్లిన గింజలు తింటాయి. గింజలు అయిపోయినా వెళ్లవు. సిమెంటు పెచ్చులూడిన చోట ఇసుక పలుకులను, చిన్న చిన్న రాళ్లను ఏరుకుని మింగుతాయి. ఆకలి తీరడానికి రాళ్లు ఎందుకు? ఈ చిన్న ప్రశ్నకు జవాబు తెలిస్తే, కొన్ని దేశాలు తూటాల్లో వాడే లోహం గురించి చట్టాలు ఎందుకు చేశాయో కూడా తెలుస్తుంది. ముందుగా ఈ సంభాషణ చదవండి.

(మునిర్కాలో ఒక గది. కాపలా ఉద్యోగం చేసే బాబాయి డ్యూటీ నుంచి వచ్చి కూర్చున్నాడు. చదువుకోవడానికి ఊరి నుంచి వచ్చిన అబ్బాయి ఫోను చూస్తున్నాడు.)

అబ్బాయి: బాబాయ్, డల్లాస్ నుంచి బావ ఒక ఫోటో పంపాడు. స్నేహితులతో కలిసి బాతుల వేటకు వెళుతున్నాడట. అక్కడ లైసెన్సు తీసుకుంటే వెళ్లవచ్చట. ఇదిగో, తూటాల పెట్టె. దీని మీద ‘నాన్‌టాక్సిక్’ అని రాసి ఉంది. అంటే ఏమిటండీ?

బాబాయి: విషం లేనివి అని.

అబ్బాయి: చంపడానికి కొన్న తూటాకు విషం ఉంటే ఏం, లేకపోతే ఏం?

బాబాయి: దెబ్బ తగిలిన పక్షికి తేడా లేదురా. తగలని పక్షికే తేడా.

అబ్బాయి: తగలని పక్షికా?

బాబాయి: ఊళ్లో కోడిని కోసినప్పుడు మీ అమ్మ కందనకాయ చీల్చి కడుగుతుంది కదా. లోపల ఏముంటుంది?

అబ్బాయి: ఇసుక, చిన్న రాళ్లు.

బాబాయి: ఆ రాళ్లలో ఒకటి సీసపు గుండు అయితే ఏమవుతుందో ఆలోచించు.

17.3 తూటాలో ఏముంటుంది?

పెద్ద జంతువును కొట్టే రైఫిలు తూటాలో ఒకే గుండు ఉంటుంది. ఎగిరే పక్షిని ఒకే గుండుతో కొట్టడం కష్టం. అందుకని పక్షుల వేటకు షాట్‌గన్ అనే తుపాకీ వాడతారు. దాని తూటాలో ఆవగింజ నుంచి మిరియపు గింజ వరకు ఉండే చిన్న గుండ్లు వందల కొద్దీ ఉంటాయి.

ఈ తూటాలో ముఖ్యంగా నాలుగు భాగాలు ఉంటాయి. అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత. దాని మీద మందు. మందు మీద గిన్నెలాంటి ప్లాస్టిక్ అడ్డు. ఆ గిన్నెలో గుండ్లు. తుపాకీ పేలినప్పుడు మందు మండి వాయువు పుడుతుంది. ఆ వాయువు గిన్నెను, గుండ్లను గొట్టం గుండా బయటకు నెడుతుంది. బయటకు రాగానే గుండ్లు మబ్బులా విచ్చుకుంటాయి.

ఒక తూటాలో సుమారు 250 గుండ్లు ఉన్నాయనుకోండి. పక్షికి తగిలేవి నాలుగో అయిదో. మిగిలినవన్నీ ఎక్కడికి పోతాయి? నీళ్లలోకి, బురదలోకి, గడ్డిలోకి. గురి తప్పితే మొత్తం 250 గుండ్లూ అక్కడికే.

చాలా కాలం వరకు ఈ గుండ్లను సీసంతోనే చేశారు. (సీసం వేరు, గాజు సీసా వేరు. సీసం ఒక లోహం.) దానికి కారణాలు ఉన్నాయి. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కాబట్టి పోత పోయడం సులభం. చవకగా దొరుకుతుంది. మెత్తనిది కాబట్టి తుపాకీ గొట్టాన్ని గీకదు. అన్నిటికంటే ముఖ్యం, అది బరువైనది. ఒక ఘన సెంటీమీటరు సీసం 11.3 గ్రాములు తూగుతుంది. బరువైన గుండు గాలిని చీల్చుకుని ఎక్కువ దూరం పోతుంది. విసురు వల అంచుకు జాలరులు సీసపు గుండ్లు కట్టేది కూడా ఈ బరువు కోసమే.

పాఠగత ప్రశ్నలు – 1
(అ) పక్షుల వేటకు ఒకే గుండు ఉన్న తూటా ఎందుకు పనికిరాదు?
(ఆ) గుండ్లకు సీసాన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలు రాయండి.

17.4 కందనకాయలో జరిగేది

పక్షులకు పళ్లు లేవు. గింజలను నమలలేవు. ఆ పనిని కందనకాయ చేస్తుంది. దాని గోడలు బలమైన కండరంతో తయారైనవి. పక్షి మింగిన ఇసుక, రాళ్లు అందులో నిలిచి ఉంటాయి. కండరం బిగుసుకున్నప్పుడల్లా రాళ్ల మధ్య గింజలు నలుగుతాయి. కందనకాయ ఒక చిన్న తిరగలి అనుకోండి. మునిర్కా డాబా మీద పావురం ఏరుకునేది ఆ తిరగలికి కావలసిన రాళ్లనే.

చెరువులో బాతు కూడా ఇదే పని చేస్తుంది. తల నీటిలో ముంచి అడుగు బురదలో ముక్కుతో వెతుకుతుంది. గింజ అనుకునో, రాయి అనుకునో అక్కడ పడి ఉన్న సీసపు గుండును మింగుతుంది. అప్పటి నుంచి తిరగలి ఆ గుండును కూడా అరగదీస్తుంది. కడుపులోని ఆమ్లం దానిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కరిగిన సీసం రక్తంలో కలిసి కాలేయం, మూత్రపిండాలు, నరాలు, ఎముకలలోకి చేరుతుంది.

సీసం ఎక్కిన బాతు ఒక్కసారిగా చావదు. మొదట తిండి కిందికి దిగడం ఆగిపోతుంది. తిన్నది లోపల అలాగే ఉండగానే పక్షి చిక్కిపోతుంది. ఆకుపచ్చగా విరేచనమవుతుంది. రెక్కలు ఇంటి కప్పులా వాలిపోతాయి. ఎగరలేక రెల్లుపొదల్లో దాక్కుంటుంది. కొద్ది రోజులకో కొద్ది వారాలకో చనిపోతుంది. ఇందుకు పిడికెడు గుండ్లు అక్కరలేదు. ఒకటి రెండు గుండ్లు చాలిన సందర్భాలు ఉన్నాయి.

దుర్బలమైన బాతును గద్ద సులభంగా పట్టుకుంటుంది. అప్పుడు ఆ సీసం గద్దకు చేరుతుంది. గాయపడి తప్పించుకున్న బాతు ఒంట్లో దిగిన గుండ్లు కూడా ఇలాగే గద్ద కడుపులోకి పోతాయి. అమెరికాలో బట్టతల గద్దలు ఈ విధంగా చనిపోవడం అక్కడి ప్రభుత్వాన్ని కదిలించిన కారణాలలో ఒకటి.

ఇలా పొదల్లో ఒక్కొక్కటిగా చచ్చే పక్షులు ఎవరి కంటా పడవు. వేటగాడికి తాను కొట్టిన పక్షే కనబడుతుంది. తాను విడిచి వచ్చిన గుండు చంపిన పక్షి కనబడదు. సమస్యను గుర్తించడం ఆలస్యం కావడానికి ఇదే ముఖ్య కారణం.

పాఠగత ప్రశ్నలు – 2
(అ) కందనకాయను తిరగలితో ఎందుకు పోల్చారు?
(ఆ) సీసం ఎక్కిన బాతులో కనిపించే రెండు లక్షణాలు రాయండి.
(ఇ) సీసపు గుండును మింగని గద్దకు విషం ఎలా చేరుతుంది?

17.5 భరత్‌పూర్ లెక్క

ఇది దూర దేశాల సంగతి మాత్రమే కాదు. ఢిల్లీకి దక్షిణాన, రైలులో కొద్ది గంటల ప్రయాణ దూరంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ఉంది. అక్కడి లోతు తక్కువ చెరువులకు శీతాకాలంలో వేల కొద్దీ బాతులు వలస వచ్చేవి. సంస్థానాధీశులు ఆ చెరువులను బాతుల వేట కోసం పెంచారు. 1902లో వైస్రాయి కర్జన్ గౌరవార్థం వేట జరిగింది. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులను కొట్టారు. ఈ అంకె అక్కడి రాతిపలక మీద చెక్కి ఉంది. ఆ చెరువులే ఇప్పుడు కేవలాదేవ్ జాతీయ ఉద్యానవనం. 1985లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

రాతిపలక పక్షుల లెక్క చెబుతుంది. గుండ్ల లెక్క చెప్పదు. ఆ లెక్క మనం వేసి చూద్దాం. ఆ రోజుల్లో వేట తూటాలు సీసపువే. ఒక తూటాలో సుమారు 30 గ్రాముల సీసం, సుమారు 250 గుండ్లు అనుకుందాం. ఒక్క గురి కూడా తప్పలేదని, ఒక్కో పక్షికి ఒక్క తూటాయే ఖర్చయిందని అనుకుందాం.

సీసం బరువు: 4,273 × 30 గ్రాములు = 1,28,190 గ్రాములు, అంటే సుమారు 128 కిలోలు.
గుండ్ల సంఖ్య: 4,273 × 250 = 10,68,250.

ఒక్క రోజుకు, అదీ ఎవరి గురీ తప్పలేదనుకుంటే, పది లక్షలకు పైగా గుండ్లు! నిజంగా గురి తప్పని వేట ఉండదు. కాబట్టి అసలు లెక్క ఇంతకన్నా ఎక్కువే అయి ఉంటుంది. సీసం ఆకులా కుళ్లదు, ఉప్పులా కరిగిపోదు. బురదలో పడిన గుండు దశాబ్దాల తరబడి గుండుగానే ఉంటుంది. వేట ఒక పూటతో ముగుస్తుంది. దాని మిగులు మాత్రం మనుమల కాలం వరకు నిలుస్తుంది.

17.6 ఇతర దేశాలు ఏం చేశాయి?

అమెరికాలో ఫ్రాంక్ బెల్‌రోజ్ అనే శాస్త్రవేత్త 1959లో ఒక అంచనా ప్రకటించారు. ఉత్తర అమెరికా బాతులు, హంసల వంటి నీటిపక్షులలో ఏటా 2 నుంచి 3 శాతం సీసపు విషంతోనే చనిపోతున్నాయని ఆయన లెక్క కట్టారు. అయినా చట్టం రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. తూటాల ధర పెరుగుతుందని, ఇనుప గుండ్లు పక్షిని సరిగా పడగొట్టవని వేటగాళ్లు అభ్యంతరం చెప్పారు. చివరకు 1991 నాటికి నీటిపక్షుల వేటలో సీసపు గుండ్లను దేశమంతటా నిషేధించారు. సీసపు తూటాను పేల్చడమే కాదు, ఆ వేటలో దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే.

డెన్మార్క్ 1996లో సీసపు గుండ్ల వాడకాన్ని పూర్తిగా ఆపింది. కెనడా 1999లో వలస పక్షుల వేటలో నిషేధించింది. ఐరోపా సమాజ దేశాలలో 2023 ఫిబ్రవరి 15 నుంచి చిత్తడి నేలలలోను, వాటికి 100 మీటర్ల లోపున సీసపు గుండ్లు పేల్చకూడదు.

ఫలితం కనిపించిందా? కనిపించింది. అమెరికాలోని మిసిసిపి నది దారిన వలస వెళ్లే మల్లార్డ్ బాతులను పరీక్షించి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆ బాతులలో సీసపు విషం వల్ల కలిగే మరణాలు సుమారు 64 శాతం తగ్గాయని అందులో అంచనా వేశారు. తుపాకీ మారలేదు, వేటగాడు మారలేదు. గుండు మారింది, అంతే.

17.7 ఏ లోహాన్ని ఎంచుకోవాలి?

అబ్బాయి వాళ్ల బావలాగా, చట్టం అనుమతించే దేశంలో ఉండి వేటకు వెళ్లేవారు విషరహిత తూటాను ఎలా ఎంచుకుంటారో ఇప్పుడు చూద్దాం. ముందుగా ఒక ఘన సెంటీమీటరు లోహం ఎంత తూగుతుందో గమనించండి.

తగరం: 7.3 గ్రాములు
ఇనుము: 7.9 గ్రాములు
బిస్మత్: 9.8 గ్రాములు
సీసం: 11.3 గ్రాములు
టంగ్‌స్టన్: 19.3 గ్రాములు

ఇనుప గుండ్లు: పెట్టె మీద ‘స్టీల్’ అని ఉంటుంది. నిజానికి ఇది మెత్తని ఇనుము. విషరహిత గుండ్లలో ఇదే చవక. ఎక్కువమంది వాడేదీ ఇదే. సీసం కన్నా తేలిక కాబట్టి దీని వేగం గాలిలో త్వరగా తగ్గుతుంది. అందుకని రెండు జాగ్రత్తలు చెబుతారు. ఒకటి, పెద్ద గుండు ఎంచుకోవాలి. రెండు, దగ్గరకు వచ్చిన పక్షినే కొట్టాలి. దూరం నుంచి కొడితే పక్షి చావకుండా గాయంతో ఎగిరిపోతుంది.

పెద్ద గుండు అంటే ఎంత పెద్దది? అమెరికా పద్ధతిలో గుండుకు నంబరు ఉంటుంది. నంబరు పెరిగిన కొద్దీ గుండు చిన్నదవుతుంది. 17 నుంచి నంబరును తీసివేస్తే గుండు వ్యాసం అంగుళంలో ఎన్ని నూరో వంతులో తెలుస్తుంది. 6 నంబరు గుండు 0.11 అంగుళం, అంటే 2.8 మిల్లీమీటర్లు. ఆ పరిమాణంలో సీసపు గుండు సుమారు 0.13 గ్రాములు తూగుతుంది. అదే పరిమాణంలో ఇనుప గుండు 0.09 గ్రాములే. 4 నంబరు ఇనుప గుండు 3.3 మిల్లీమీటర్లు ఉండి సుమారు 0.15 గ్రాములు తూగుతుంది. అందుకే సీసంలో 6 నంబరు వాడేవారు ఇనుములో 4 నంబరు తీసుకుంటారు. ‘రెండు నంబర్లు పెద్దది’ అన్నది గుర్తుంచుకోదగిన సూత్రం.

ఇనుము గట్టిది. సీసంలాగా నొక్కుకుపోదు. పాత కాలపు పల్చని గొట్టాల తుపాకీలో, గొట్టం చివర బాగా ఇరుకుగా ఉన్న తుపాకీలో దానిని వాడితే గొట్టం దెబ్బతినవచ్చు. తాతల నాటి రెండు గొట్టాల తుపాకీ ఉన్నవారు తుపాకీల మరమ్మతు తెలిసినవారికి చూపించకుండా ఇనుప గుండ్లు వాడకూడదు.

బిస్మత్ గుండ్లు: బిస్మత్ బరువులో సీసానికి దగ్గరగా ఉంటుంది. మెత్తనిది కాబట్టి పాత తుపాకీలకు సరిపోతుంది. ధర ఇనుము కన్నా చాలా ఎక్కువ.

టంగ్‌స్టన్ గుండ్లు: ఇతర పదార్థాలతో కలిపి చేస్తారు. బరువైనవి కాబట్టి చిన్న గుండు కూడా దూరం పోతుంది. వీటి ధర అన్నిటికన్నా ఎక్కువ.

మోసపోకూడని సంగతులు రెండు ఉన్నాయి. రాగి పూత, నికెల్ పూత పూసిన సీసపు గుండ్లు తళతళలాడుతూ ఉంటాయి. అవి విషరహితం కావు. కందనకాయ అనే తిరగలి ఆ పల్చని పూతను అరగదీసి లోపలి సీసాన్ని బయటపెడుతుంది. అలాగే సీసం కాని ప్రతి లోహమూ మంచిది కాదు. జింకు కూడా పక్షులకు విషమే. కనుక పెట్టె మీద ఏ లోహమో, అది ఆ దేశపు అనుమతి జాబితాలో ఉన్నదో లేదో చూడాలి.

పాఠగత ప్రశ్నలు – 3
(అ) సీసంలో 5 నంబరు గుండు వాడే వ్యక్తి ఇనుములో ఏ నంబరు తీసుకోవాలి?
(ఆ) రాగి పూత పూసిన సీసపు గుండు ఎందుకు సురక్షితం కాదు?

17.8 మన దేశంలో చట్టం

మన దేశంలో ‘ఏ తూటా?’ అన్న ప్రశ్న కన్నా ముందే చట్టం జవాబు చెబుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అప్పట్లో కొన్ని జాతులను లైసెన్సుతో వేటాడే వీలుండేది. 1991 సవరణతో ఆ వీలు పోయింది. 2022 సవరణలో జాబితాలను మార్చారు కాని సరదా వేటకు తలుపు తెరవలేదు. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన పక్షిని కొట్టే హక్కు రాదు. చంపడమే కాదు, వల వేసి పట్టడం, ఉచ్చు పన్నడం, గుడ్లు పాడుచేయడం, గూడు చెరపడం కూడా చట్టం దృష్టిలో వేటే. నాటు తుపాకీతో కొంగను కొట్టినా, కొల్లేటిలో వలతో బాతును పట్టినా అది నేరమే.

అయితే ఈ పాఠం మనకు ఎందుకు? సీసం వేటతోనే రాదు కనుక. స్పెయిన్, మెక్సికో దేశాలలో బురద వడగట్టి తినే ఫ్లెమింగోలు పాత గుండ్లు మింగి చనిపోయాయి. శీతాకాలంలో మన పులికాట్ సరస్సుకు వచ్చేవీ ఫ్లెమింగోలే. బురదలో ఏం వేస్తే అదే వాటి ముక్కుకు అందుతుంది.

మనుషులకూ సీసం విషమే. పిల్లల మెదడుకు అది మరీ హాని చేస్తుంది. ఎంత తక్కువైనా పరవాలేదు అనదగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ కారణంగానే మన దేశంలో 2000లో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆపారు. వల గుండ్ల కోసం ఇంట్లో సీసం కరిగించేవారు, పాత బ్యాటరీలు విప్పేవారు ఇది గుర్తుంచుకోవాలి. వంట పొయ్యి మీద, వంట గిన్నెలో సీసం కరిగించకూడదు. పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పని బట్టలను వేరుగా ఉతకాలి. తెగిన వల గుండ్లను చెరువులో వదలకుండా ఏరి తీసుకురావాలి.

17.9 మీరు చేయండి

మునిర్కా పరిసరాలలో ఉండేవారు శీతాకాలంలో ఒక సెలవు రోజున మెజెంటా లైను మెట్రో ఎక్కండి. బండి మారనక్కరలేదు. అదే లైనులో ‘ఓఖ్లా బర్డ్ శాంక్చురీ’ స్టేషను ఉంది. యమున ఒడ్డున నిలబడి ఒక్క బాతును పది నిమిషాలు గమనించండి. అది ఎన్నిసార్లు తల ముంచి అడుగు బురద వెతికిందో లెక్కపెట్టి రాసుకోండి. ఊళ్లో ఉన్నవారు మీ చెరువు గట్టు మీదే ఈ పని చేయవచ్చు.

17.10 మీరు నేర్చుకున్నవి

- షాట్‌గన్ తూటాలోని గుండ్లలో ఎక్కువ భాగం పక్షికి తగలకుండా నేల మీద, నీటి అడుగున మిగిలిపోతాయి.
- పక్షి సీసపు గుండును గింజగానో రాయిగానో భ్రమించి మింగుతుంది. కందనకాయ దానిని అరగదీస్తుంది. సీసం రక్తంలో కలుస్తుంది.
- ఇనుము, బిస్మత్, టంగ్‌స్టన్ గుండ్లు సీసానికి బదులుగా వాడుకలో ఉన్నాయి. ఇనుము తేలిక కాబట్టి రెండు నంబర్లు పెద్ద గుండు ఎంచుకుంటారు.
- పూత పూసినా సీసం సీసమే.
- మన దేశంలో సరదాకు అడవి పక్షులను వేటాడటం నేరం.

17.11 పాఠాంత ప్రశ్నలు

1. ‘దెబ్బ తగిలిన పక్షికి తేడా లేదురా. తగలని పక్షికే తేడా’ అన్న బాబాయి మాటలను మీ సొంత మాటల్లో వివరించండి.
2. భరత్‌పూర్ లెక్కలో ఒక్కో పక్షికి రెండు తూటాలు ఖర్చయ్యాయనుకుంటే ఎన్ని కిలోల సీసం అవుతుంది?
3. డల్లాస్‌లోని బావ దగ్గర తాతల నాటి తుపాకీ ఉంది. అతను ఏ లోహపు గుండ్లు ఎంచుకోవడం మేలు? కారణం రాయండి.
4. మీ ఇంట్లో, మీ పనిచోట సీసం ఎక్కడెక్కడ ఉందో గమనించి అయిదు వాక్యాలు రాయండి.

17.12 పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) ఎగిరే పక్షిని ఒకే గుండుతో కొట్టడం కష్టం. (ఆ) బరువైనది, చవకైనది, సులభంగా కరుగుతుంది, గొట్టాన్ని గీకదు (ఏవైనా రెండు).
2. (అ) రాళ్ల మధ్య గింజలను నలుపుతుంది కాబట్టి. (ఆ) చిక్కిపోవడం, రెక్కలు వాలిపోవడం, ఆకుపచ్చ విరేచనం (ఏవైనా రెండు). (ఇ) సీసం ఎక్కిన బాతును, లేదా ఒంట్లో గుండ్లు దిగిన బాతును తినడం వల్ల.
3. (అ) 3 నంబరు. (ఆ) కందనకాయలో పూత అరిగిపోయి సీసం బయటపడుతుంది.

పాఠాంత ప్రశ్నలలో 2వ దానికి సుమారు 256 కిలోలు వస్తే మీ లెక్క సరైనదే. మిగిలిన జవాబులు రాసి, తరగతుల రోజున మీ ఉపాధ్యాయునికి చూపించండి.